సర్వేనా, ముఖాముఖా: కాంట్రాక్టు కార్మికుల గోడు తెలియాలంటే ఏది మేలు?

పని పరిస్థితుల మీద సర్వే అనగానే ముందు ఉద్యోగుల ఈమెయిళ్లకు లింకు వెళ్తుంది. ఊడ్చేవాళ్లకు, రోజుకూలీలకు, ఏజెన్సీ ద్వారా వచ్చినవాళ్లకు ఆఫీసు ఈమెయిల్ ఎక్కడిది? ప్రపంచంలో పనిచేసేవాళ్లలో 60 శాతానికి పైగా అసంఘటిత ఉపాధిలోనే ఉన్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో లెక్క తేల్చింది. వాళ్లలో చాలామందికి ఆ లింకు అందదు.

పోనీ, కాగితమే చేతికిచ్చామనుకుందాం. ‘మీ మేనేజరు మీ మాట వింటారా? 1 నుంచి 5లో టిక్ పెట్టండి.’ కాంట్రాక్టరు పంపిన క్లీనర్‌కి మేనేజరంటే ఎవరు? జీతమిచ్చే కాంట్రాక్టరా, పని చెప్పే సూపర్‌వైజరా, బిల్డింగు ఓనరా? పైగా ఆ సూపర్‌వైజరే కాగితాలు పంచి తలుపు దగ్గర నిలబడితే, ఆ క్లీనర్ 3 మీద టిక్ పెట్టి ఇచ్చేస్తుంది. పట్టికలో అది ‘ఓ మోస్తరు తృప్తి’. నాకైతే అది భయంలాగే కనబడుతుంది.

అలాగని సర్వేని తీసిపారేయలేం. ఎంతమందికి ఓవర్‌టైమ్ డబ్బు అందడం లేదో తేలాలంటే అంకెలే కావాలి.

ముఖాముఖి దారి వేరు. పనిచోటికి దూరంగా, ఆ క్లీనర్ భాషలో, ఆమెకు వీలైనప్పుడు కూర్చుని ‘లీవు కావాలంటే ఎవరికి ఫోన్ చేస్తారు?’ అంటే చాలు, పెత్తనం ఎవరిదో బయటపడుతుంది. (ఆ గంటకు కూలి ఇవ్వాలి, ఊరికే కూర్చోబెట్టకూడదు.) కానీ పట్టుమని పదిమందితో మాట్లాడేసరికే నెల గడుస్తుంది. పేరు మార్చినా, ‘రాత్రి షిఫ్టులో ఉన్న ఒకే ఒక్క వికలాంగురాలు’ అని రాస్తే ఎవరో అక్కడివాళ్లు ఇట్టే పట్టేస్తారు.

పక్కనే ఉండి గమనించడం మూడో పద్ధతి. షికాగో దగ్గరి హాథార్న్ ఫ్యాక్టరీలో 1927లో కొందరు అమ్మాయిలను వేరే గదిలో కూర్చోబెట్టి టెలిఫోన్ రిలేలు (స్విచ్చుల్లాంటి భాగాలు) బిగించే పని చేయిస్తూ గమనించారు. మాటలు ఎక్కువయ్యాయని 1928లో వాళ్లలో ఇద్దరిని మార్చేశారు. ఎవరో గమనిస్తున్నారని తెలిస్తే మనుషుల తీరు మారుతుందనే ‘హాథార్న్ ఎఫెక్ట్’ పాఠాల్లో నిలిచింది, ఆ ఇద్దరూ ఎవరికీ గుర్తులేరు.

ఒక్కటే ఎంచుకోమంటే నేను ముఖాముఖికే ఓటేస్తాను. టైముంటే ముందు ముఖాముఖి, ఆ మాటలతోనే ప్రశ్నలు రాసి వాళ్లలో ఇద్దరు ముగ్గురికి చదివి వినిపించి, ఆ తర్వాతే సర్వే. కాగితాలు పంచే పని మాత్రం సూపర్‌వైజరు చేతికి ఇవ్వను.