ఆది జాకెట్టు అవసరం లేని కుట్టుపని: బుర్డా స్టైల్ పత్రిక నమూనాలపై సమీక్ష

ఒంటికి చక్కగా అతికిన పాత జాకెట్టును దర్జీకి ఇచ్చి, దాన్నే ఆదిగా పెట్టుకుని కొత్తది కుట్టమని చెప్పి రావడం మన ఇళ్లలో తరతరాల అలవాటు. ఆ అలవాటులో పెరిగి, ఇంట్లో మిషను ఉండి, తన దుస్తులు తానే కుట్టుకోవాలన్న కోరిక ఉన్నవారికి జర్మనీ నుంచి వెలువడే బుర్డా స్టైల్ మాసపత్రిక ఎంతవరకు ఉపయోగపడుతుందన్నది ఈ సమీక్షలో చెప్పదలచుకున్నాను. జర్మనీలో స్థిరపడిన తెలుగువారిలో కుట్టుపని తెలిసిన ఆడవాళ్లు చాలామందే ఉన్నారు కానీ, పుస్తకాల దుకాణంలో కళ్ల ముందే కనిపించే ఈ పత్రికను ఫ్యాషన్ బొమ్మల పుస్తకం అనుకుని పక్కన పెట్టేస్తున్నారు. అసలు విలువ పైన కనిపించే ఫొటోలలో కాదు, లోపల మడిచి పెట్టిన నమూనా కాగితాలలో, అంటే కత్తిరించవలసిన ముక్కల ఆకారాలను అసలు కొలతల్లో గీసిన కాగితాలలో ఉంది.

ఈ పత్రిక ఆఫెన్‌బర్గ్ పట్టణానికి చెందిన ఎన్నె బుర్డా ప్రారంభించినది. బుర్డా మోడెన్ అనే పేరుతో తొలి సంచిక 1950 జనవరిలో లక్ష ప్రతులతో వచ్చింది, 1952 నుంచి దానితోపాటు నమూనా కాగితాలు ఇవ్వడం మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి కొద్ది ఏళ్లే అయిన ఆ రోజుల్లో ఖరీదైన దుకాణాల దుస్తులు కొనలేని ఇల్లాళ్లకు అదే తీరు దుస్తులను ఇంట్లో కుట్టుకునే వీలు కల్పించడమే దాని ఉద్దేశం. 1987లో రష్యన్ భాషలో సోవియట్ యూనియన్‌లోకి కూడా అడుగుపెట్టింది.

నమూనా కాగితాన్ని మొదటిసారి విప్పి చూసినవారికి కంగారు పుట్టడం సహజం. అంత పెద్ద కాగితం మీద పలు దుస్తుల ముక్కలు ఒకదాని మీద ఒకటి పరుచుకుని, వేర్వేరు రంగుల గీతలతో అల్లిబిల్లిగా కనిపిస్తాయి. ఆ గీతలలోనూ ఒక్కో సైజుకు ఒక్కో తీరు ఉంటుంది: ఒకటి చుక్కల గీత, మరొకటి తెగిన గీత, ఇంకొకటి నిండు గీత. అయితే ఇందులో ఒక పద్ధతి ఉంది. మనకు కావలసిన ముక్క సంఖ్యను కాగితం అంచున ఆ దుస్తు గీతల రంగులోనే వెతికి, అక్కడి నుంచి నేరుగా లోపలికి చూపు సారిస్తే అదే సంఖ్య మళ్లీ కనిపిస్తుంది, దాని చుట్టూ ఉన్న గీతే మనకు కావలసిన ముక్క. దాని మీద పలుచని కాగితం పరిచి, పెన్సిలుతో ఎత్తి రాసుకోవాలి. గీతతోపాటు పడుగు పోగు దిశను చూపే బాణం, డాట్ల (ఒంటి వంపు కోసం గుడ్డను మడిచి వేసే కుట్ల) గుర్తులు, చేయిని భుజానికి కలిపేచోట ఉండే చిన్న అడ్డగీతలు, ముక్క సంఖ్య కూడా అప్పుడే ఎక్కించుకోవాలి. ఇది ఓపికతో కూడిన పని. ఎదురుగా మంచి వెలుతురు, కింద గట్టి బల్ల ఉంటే తప్ప చేయవద్దని నా సలహా. తొందరపడి అసలు కాగితాన్నే కత్తిరిస్తే దాని మీదున్న మిగతా నమూనాలన్నీ పోతాయి.

సైజు ఎంచుకునేచోట మన ఆది అలవాటును పూర్తిగా పక్కన పెట్టాలి, ఈ పత్రిక విషయంలో అన్నింటికంటే ముఖ్యమైన సంగతి ఇదే. ఆది జాకెట్టు కొలిచేటప్పుడు మనం కొలిచేది బట్టను, అంటే ఒంటి కొలతకు దర్జీ కలిపిన లూజు అందులో చేరిపోయి ఉంటుంది. బుర్డా పట్టిక అడిగేది నేరుగా ఒంటి కొలత. 38 సైజుకు ఛాతీ 88 సెంటీమీటర్లు, నడుము 72, తుంటి చుట్టుకొలత 94 అని పట్టికలో ఉంటే అవి శరీరానివే. ఆ దుస్తుకు ఎంత లూజు ఉండాలన్నది నమూనా గీసినవారే ముందుగా కలిపి ఉంచుతారు. కనుక మన కుర్తీని కొలిచి ఆ అంకెతో సైజు చూసుకుంటే లూజు రెండుసార్లు చేరి బట్ట వేలాడుతుంది. పై దుస్తులకూ గౌనులకూ ఛాతీ కొలతను, స్కర్టులకూ ప్యాంట్లకూ తుంటి కొలతను ప్రమాణంగా తీసుకోవాలి. పైభాగం 38, కిందిభాగం 42 అయినవారు మనలో ఎందరో ఉంటారు. సైజులన్నీ ఒకదానిలో ఒకటి పొదిగి ఉండటంతో, అటువంటివారు చంక దగ్గర 38 గీతను పట్టుకుని నడుము దాటేసరికి 42 గీతలోకి నెమ్మదిగా కలిసిపోయేలా గీసుకోవచ్చు. రెడీమేడ్ దుస్తులలో దొరకని సౌకర్యం ఇది.

పొడవు విషయంలో మాత్రం మనవారు జాగ్రత్తపడాలి. సాధారణ సైజులన్నీ 168 సెంటీమీటర్ల ఎత్తున్న స్త్రీని ఊహించి గీసినవి. మన ఆడవాళ్లలో ఎక్కువమంది అంతకంటే పొట్టివారు. అందుకని అడుగు అంచు మడిచేస్తే సరిపోదు. నడుము ఉండవలసిన చోటే కిందికి జారిపోతుంది కాబట్టి, ఛాతీకీ నడుముకీ మధ్య కాగితాన్ని అడ్డంగా మడిచి కుదించుకోవాలి.

బుర్డా కాగితాల మీది గీతలు కుట్టు గీతలే తప్ప కత్తిరింపు గీతలు కావు. కుట్టు లోపల ఉండే మార్జిన్‌ను మనమే విడిచిపెట్టుకోవాలి, దానికి పత్రిక సాధారణంగా చెప్పేది 1.5 సెంటీమీటర్లు. దీన్ని చాలామంది లోపంగా చూస్తారు. నాకైతే ఇది మన పద్ధతికి ఎంతో అనుకూలంగా కనిపిస్తుంది. రేపు ఒళ్లు చేస్తే విప్పుకోవడానికి వీలుగా పక్క కుట్లలో అంగుళానికి పైగా గుడ్డ వదలడం మన దర్జీలు మొదటినుంచీ పాటిస్తున్న మర్యాద. కుట్టు గీత కచ్చితంగా తెలిసినప్పుడు పక్కల ఎక్కువ, మెడ దగ్గర తక్కువ, అడుగున మన ఇష్టం అన్నట్టు వదులుకోవచ్చు. కార్బన్ కాగితం, పళ్ల చక్రం వాడి ఆ గీతను గుడ్డ వెనకవైపు ఎక్కించుకుంటే మిషను మీద చేయి తడబడదు.

కుట్టే విధానం చెప్పే భాగం క్లుప్తంగా, కొన్నిచోట్ల మరీ పొదుపుగా ఉంటుంది. ప్రతి నమూనాకూ అది ఎంత కష్టమో చుక్కలతో సూచిస్తారు, ఒక చుక్క ఉన్నదానితో మొదలుపెట్టడం మంచిది. ఆ పొదుపుకు ఉదాహరణ చెప్పాలంటే, చేయి కలపడాన్ని ఒకటి రెండు వాక్యాలలో ముగిస్తారు. నిజానికి ఆ నమూనాలో చేయి పైభాగపు గుండ్రం చంక రౌండు కంటే కావాలనే కొంచెం ఎక్కువ పొడవు ఉంటుంది. రెండు గుర్తుల మధ్య దూరపు కుట్టు రెండు వరుసలు వేసి, దారపు కొసలను కొద్దికొద్దిగా లాగుతూ ఆ ఎక్కువ గుడ్డను కుచ్చు కనబడకుండా సర్ది, ఆవిరి ఇస్త్రీతో అణచి, అప్పుడు కుట్టాలి. ఇలా కూర్చిన చేయి భుజం మీద నిండుగా కూర్చుంటుంది. ఈ వివరం ముందే తెలిసినవారికి పత్రికలోని రెండు వాక్యాలు చాలు. తెలియనివారు దగ్గర్లో కుట్టుపని వచ్చినవారి సాయం తీసుకోవాలి.

గుడ్డ ఎంత కావాలో లెక్క వేసేటప్పుడు పన్నా, అంటే గుడ్డ వెడల్పు చూసుకోవాలి. పత్రికలో చాలా నమూనాలకు 140 సెంటీమీటర్ల పన్నా లెక్కతో గుడ్డ పొడవు ఇస్తారు. ఇంటినుంచి తెచ్చుకున్న మంగళగిరి నూలు గుడ్డకో పోచంపల్లి ఇక్కత్‌కో అంత పన్నా ఉండదు, కాబట్టి కాగితపు ముక్కలన్నీ నేల మీద పరిచి చూసుకున్నాకే మీటర్లు తేల్చుకోవాలి. ఇక్కత్ అయితే గుడ్డను మడత మీద కత్తిరించకూడదు. సగం ముక్కలను తిరగేసి పూర్తి ముక్కలుగా రాసుకుని, గుడ్డను ఒంటి పొరగా పరిచి, మధ్య కుట్టులోనూ పక్క కుట్టులోనూ డిజైను కలిసేలా అమర్చుకోవాలి. గుడ్డ కొంత ఎక్కువ పడుతుంది కానీ, నేతగాడు పోగు పోగుకూ లెక్క చూసి నేసిన గళ్లను కుట్టు దగ్గర తెగిపోనివ్వడం నాకు మనసొప్పదు.

చీర జాకెట్టు, చుడీదార్ కోసం ఈ పత్రిక కొనవలసిన పని లేదు, అవి ఇందులో దొరకవు. ఆఫీసు చొక్కాలు, స్కర్టులు, గౌనులు, చలికాలపు కోట్లు కావలసినవారికి ఒక్క సంచికలోనే పలు సైజులలో పలు నమూనాలు దొరుకుతాయి. విడిగా కవరులో అమ్మే ఒక్కో నమూనాతో పోలిస్తే ఇది ఎంతో చౌక. ఒకే నమూనా చాలనుకునేవారు దాన్ని డిజిటల్ రూపంలో కొని ఇంట్లో ముద్రించుకోవచ్చు. ముద్రించేటప్పుడు పరిమాణం నూరు శాతంగా ఉంచి, పరీక్ష కోసం ఇచ్చిన చతురస్రాన్ని స్కేలుతో కొలిచాకే మిగతా కాగితాలు అతికించడం మొదలుపెట్టాలి.

పాత సంచికలు అంగళ్లలో తక్కువ ధరకు దొరుకుతాయి. మంచి చొక్కా నమూనా, నిటారు స్కర్టు నమూనా ఎన్నేళ్లయినా పనికొస్తాయి కాబట్టి వాటిని నిస్సంకోచంగా తీసుకోవచ్చు. డబ్బు ఇచ్చే ముందు మాత్రం మధ్యలోని నమూనా కాగితాలు అన్నీ ఉన్నాయో లేదో, వాటిని ఎవరైనా కత్తిరించారేమో విప్పి చూసుకోండి.