ఇంటి రౌటర్‌లో 1.1.1.3: కొన్నేళ్ల వాడకం తర్వాత

పిల్లలున్న ఇంట్లో ఇంటర్నెట్‌ను కొంతైనా అదుపులో ఉంచడానికి నేను కొన్నేళ్లుగా నమ్ముకున్నది యాప్‌ను కాదు, రౌటర్ సెట్టింగులలో మార్చిన రెండు చిరునామాలను. క్లౌడ్‌ఫ్లేర్ సంస్థ 2020 ఏప్రిల్‌లో కుటుంబాల కోసం ఉచితంగా ప్రారంభించిన డీఎన్ఎస్ సేవ ఇది. మనం టైపు చేసిన వెబ్‌సైటు పేరుకు ఐపీ చిరునామాను, అంటే కంప్యూటర్లు వాడుకునే అంకెల చిరునామాను, వెతికి ఇచ్చేదే డీఎన్ఎస్. రౌటర్‌లోని డీఎన్ఎస్ గడులు రెండింటిలో 1.1.1.3, 1.0.0.3 పెట్టుకుంటే, అశ్లీల సైట్ల గురించీ హానికర సాఫ్ట్‌వేర్‌ను వ్యాపింపజేసే సైట్ల గురించీ అడిగినప్పుడు ఎక్కడికీ చేర్చని 0.0.0.0 అనే జవాబు వస్తుంది, పేజీ తెరుచుకోదు.

దీన్ని ఎంచుకోవడానికి అసలు కారణం పిల్లల గోప్యత. ఖాతా తెరవనక్కరలేదు, పిల్లల పేరు, వయసు ఎవరికీ చెప్పనక్కరలేదు. పిల్లవాడు ఎక్కడున్నాడో, ఏ యాప్‌లో ఎంతసేపు గడిపాడో తల్లిదండ్రులకు చూపించే యాప్‌లు కొందరికి అవసరం కావచ్చు. కానీ అవి పనిచేయాలంటే ఆ వివరాలన్నీ ముందు ఒక కంపెనీ సర్వర్‌కు చేరాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 18 ఏళ్ల లోపువారందరినీ పిల్లలుగానే లెక్కించి, సంస్థలు వారి ప్రవర్తనపై నిఘా పెట్టకూడదనీ, వారిని గురిపెట్టి ప్రకటనలు చూపకూడదనీ నిబంధన పెట్టింది. సంస్థలకే అంత హద్దు అవసరమైనప్పుడు ఇంట్లో మనమూ ఒక హద్దు పాటించాలని నా గట్టి అభిప్రాయం. డీఎన్ఎస్ వడపోత ప్రహరీగోడ లాంటిది: బయటివారిని ఆపుతుంది కానీ, లోపల ఎవరేం చేస్తున్నారో రాసిపెట్టదు. అడిగిన పేర్లు క్లౌడ్‌ఫ్లేర్‌కు తెలుస్తాయి, నిజమే. ఆ లాగ్‌లను (నమోదైన వివరాలను) 25 గంటల్లోపు తొలగిస్తామని ఆ సంస్థ చెబుతోంది.

వేగంలో నాకు తేడా కనబడలేదు. పదో తరగతి జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠం చదివేటప్పుడు వికీపీడియా వ్యాసాలు ఏ ఆటంకం లేకుండా తెరుచుకున్నాయి. అయితే అతిగా అడ్డుకునే ప్రమాదం ఇలాంటి ప్రతి వడపోతకూ ఉంటుంది. ఈ సేవే మొదలైన కొత్తలో ఎల్జీబీటీ వర్గాల సమాచార సైట్లను కూడా ఆపివేయగా, సంస్థ క్షమాపణ చెప్పి సరిదిద్దింది. సైటును ఎందుకు ఆపారో చెప్పే పేజీ ఏదీ రాదు కనుక, నెట్ పోయిందని పిల్లలు అనుకోవడం మామూలే. ఇంట్లో ఈ ఏర్పాటు ఉందని వారికి ముందే చెప్పడం మంచిది.

పరిమితులు చిన్నవి కావు. యూట్యూబ్ మొత్తానికి పేరు ఒకటే కాబట్టి అందులో ఏ వీడియో తగినదో డీఎన్ఎస్ తేల్చలేదు. వాట్సాప్‌లో వచ్చే వాటినీ ఆపలేదు. మొబైల్ డేటాకు మారినా, వీపీఎన్ (ఇంటర్నెట్ రాకపోకలను మరో సర్వర్ గుండా మళ్లించే సేవ) వాడినా రౌటర్ వడపోత వర్తించదు. ఆండ్రాయిడ్ 9 నుంచి ఉన్న ప్రైవేట్ డీఎన్ఎస్ సెట్టింగులో ఇదే సేవను పెట్టుకుంటే మొబైల్ డేటాకూ వర్తిస్తుంది కానీ, ఆ సెట్టింగును పిల్లలు సులువుగా మార్చగలరు. కాబట్టి పొరపాటున తెరుచుకునే పేజీల నుంచి కాపాడటానికే ఇది సరిపోతుంది, పట్టుబట్టి వెతికేవారిని ఆపదు.

పెట్టుకునేవారు మూడు విషయాలు గమనించాలి. రెండో గడిలో ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన పాత చిరునామాను వదిలేస్తే కొన్ని ప్రశ్నలు అటు వెళ్లి, ఆగవలసిన సైట్లు తెరుచుకుంటాయి. ఐపీవీ6 (ఐపీ చిరునామాల కొత్త పద్ధతి) ఉన్న కనెక్షన్‌లో దానికి సంబంధించిన చిరునామాలను కూడా విడిగా మార్చాలి. కంప్యూటర్‌లో పిల్లలకు అడ్మిన్ హక్కులు (సెట్టింగులు మార్చే అధికారం) లేని ఖాతా ఇవ్వకపోతే, వారు అక్కడే డీఎన్ఎస్‌ను మార్చేసుకోగలరు, ఈ శ్రమంతా వృథా.

మా పెద్దవాడు ఇంటర్‌లో చేరాక మాట్లాడుకుని, వాడి ల్యాప్‌టాప్‌ను హానికర సైట్లను మాత్రమే ఆపే 1.1.1.2కు మార్చాము. చిన్నమ్మాయికి ఇంకా 1.1.1.3 కొనసాగుతోంది.