బీవీపీ4సీతో ఆరేళ్లు: అనంతం ఎక్కడుందో దానికి తెలియదు

సాగే షీట్ మీద నానోఫ్లూయిడ్ (అతి సూక్ష్మ కణాలు కలిపిన ద్రవం) ప్రవాహం, ఉష్ణ బదిలీ లెక్కలకి ఆరేళ్లుగా మ్యాట్‌ల్యాబ్‌లోని బీవీపీ4సీనే వాడుతున్నాను. రెండు చివర్లా షరతులున్న అవకలన సమీకరణాల్ని సాధించే ప్రోగ్రామ్ అది. అంతకుముందు రుంగె-కుట్టాతో షూటింగ్ చేసేవాణ్ని, అంటే ఒక చివర తెలియని విలువల్ని ఊహించి, అవతలి చివర షరతు కలుస్తుందేమో అని అడుగడుగునా లెక్కేసుకుంటూ వెళ్లడం. కణాల కదలికని కూడా లెక్కలోకి తీసుకునే 2006 నాటి బువోన్‌జోర్నో మోడల్ తీసుకుంటే వేగం, ఉష్ణోగ్రత, కణాల గాఢత కలిపి ఏడు ఫస్ట్ ఆర్డర్ సమీకరణాలు. గోడ (అంటే షీట్ ఉపరితలం) దగ్గర తెలియని వాలులు మూడు. మూడూ ఊహించడం, గురి తప్పడం, మళ్లీ ఊహించడం! బీవీపీ4సీకి మారాక ఆ తంటా తప్పింది. మొదటి ఊహగా మెల్లగా సున్నాకి దిగే వక్రం ఒకటి ఇస్తే చాలావరకు క్షణాల్లో తేల్చేస్తుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు కణాల సంగతి పక్కన పెట్టి సాగే షీట్ మీద మామూలు ద్రవానికి క్రేన్ 1970లో సాధించిన సమస్య వేసి చూడండి. గోడ దగ్గర వేగం వాలు సరిగ్గా -1 రావాలి. తర్వాత ఖాన్, పాప్‌ల 2010 పట్టిక: ప్రాంట్ల్ (ఉష్ణం ఎంత మెల్లగా వ్యాపిస్తుందో చెప్పేది), లూయిస్ (కణాలకి అలాంటిదే) సంఖ్యలు 10, బ్రౌనియన్ (కణాల యాదృచ్ఛిక కదలిక), థర్మోఫొరెసిస్ (వేడి తేడా వల్ల కణాల కదలిక) పరామితులు 0.1 పెడితే తగ్గించిన నస్సెల్ట్ సంఖ్య, అంటే గోడ దగ్గర ఉష్ణ బదిలీ కొలత, 0.9524. బీవీపీ4సీ డిఫాల్ట్ రిలేటివ్ టాలరెన్స్ (ఒప్పుకునే సాపేక్ష దోషం) 0.001 మాత్రమే, నాలుగో దశాంశం కావాలంటే బిగించుకోక తప్పదు.

నేను దెబ్బతిన్నది మాత్రం టాలరెన్స్ దగ్గర కాదు. కణాలు తీసేసి, ప్రాంట్ల్ సంఖ్య 0.07 పెట్టి, అలవాటు కొద్దీ ఈటాని (గోడ నుంచి దూరానికి కొలత, సమీకరణాల్లో అది అనంతం దాకా వెళ్లాలి) 10 దగ్గర ఆపాను. నస్సెల్ట్ సంఖ్య 0.1308 వచ్చింది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. రావాల్సింది 0.0656, అంటే సగం! ప్రాంట్ల్ తగ్గేకొద్దీ ఉష్ణ పొర మందమవుతుంది. 0.07 దగ్గర అది సున్నాకి దిగాలంటే ఈటా 100 దాకా వెళ్లాలి. నేను 10 దగ్గరే సున్నా అని రాసిచ్చాను, అది నమ్మింది. పాపం, దాని తప్పేముంది. గ్రాఫ్ గీసి ఉంటే అప్పుడే దొరికిపోయేది: ఉష్ణోగ్రత గీత అక్షానికి ఒరిగి ఆనుకోలేదు, ఏటవాలుగా వచ్చి గుచ్చుకుంది. ఇప్పుడు చివరి ఈటాని రెట్టింపు చేసి మళ్లీ రన్ చేయకుండా ఏ అంకే పట్టికలోకి ఎక్కించను.

ఇక "సింగ్యులర్ జాకోబియన్" అనే తిట్టు, అంటే లోపలి మాత్రిక సాధించడానికి వీల్లేకుండా పోయిందని బీవీపీ4సీ ఇచ్చే ఎర్రర్. నా అనుభవంలో పదింట ఏడుసార్లు అది నా సరిహద్దు షరతుల్లో పొరపాటే. బ్రౌనియన్ పరామితిని సున్నా చేసినా అంతే, గాఢత సమీకరణంలో అది హారంలో ఉంటుంది మరి.

కుంచించుకుపోయే షీట్లకి రెండేసి జవాబులుండే చోట, ఊహని బట్టి ఏదో ఒకటే చేతికొస్తుంది. రెండోది మనమే వెతుక్కోవాలి. అందులో ఏది స్థిరమో చెప్పే పని దీనిది కాదు, దానికి వేరే ఐగెన్ విలువల లెక్క వేయాలి.

లైసెన్స్ లేని కంప్యూటర్లో పైథాన్ లైబ్రరీ సైపై వాళ్ల సాల్వ్_బీవీపీ వాడతాను. లోపల పద్ధతి దాదాపు ఇదే, ఈటా గొడవ కూడా అచ్చంగా ఇదే.