లారీ గుంజనప్పుడు ఏది మేలు: సెన్సార్ మార్చడమా, స్కానరా, మీటరా, ట్యూనింగా?

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో బియ్యం ఎత్తుకొని నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాద్‌కు వెళ్లే లారీ యజమానులకు డ్రైవర్ల నుంచి తరచుగా వినిపించే మాట "బండి గుంజుతలేదు సార్" అన్నదే. ఆ మాట విన్నాక యజమాని ముందు నాలుగు దారులు ఉంటాయి. అనుమానం ఉన్న సెన్సార్‌ను మార్చి చూడవచ్చు, స్కానర్ పెట్టి కోడ్ చదివించవచ్చు, మల్టీమీటర్‌తో తీగ తీగనూ పరీక్షింపజేయవచ్చు, లేదా ఇంజన్‌ను నడిపే కంప్యూటర్ అయిన ఈసీఎంలోని లెక్కలనే మార్పించి ట్యూనింగ్ చేయించవచ్చు. ఈ నాలుగింటికీ డబ్బు పెట్టిన అనుభవంతోనే వాటిని ఇక్కడ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను.

సెన్సార్ మార్చి చూడటం గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. అది అదృష్టం మీద ఆధారపడిన పద్ధతి. మార్చిన సెన్సార్ నకిలీదైతే పాత తప్పుకు కొత్త తప్పు తోడవుతుంది, ఆ తరువాత వచ్చే మెకానిక్‌కు ఏది మూలమో తేల్చడం మరింత కష్టమవుతుంది. విడిభాగం చేతిలో ఉండి, అది సరైనదని తెలిసినప్పుడు మాత్రమే ఈ పని చేయదగినది.

స్కానర్ విలువ ఇంతకంటే చాలా ఎక్కువ, అయితే అది చెప్పే మాటను సరిగా అర్థం చేసుకోవాలి. పెద్ద లారీల్లో కోడ్ సాధారణంగా రెండు సంఖ్యలుగా వస్తుంది. ఎస్‌పీఎన్ ఏ కొలత గురించో చెబుతుంది, ఎఫ్‌ఎంఐ ఆ కొలతకు ఏమైందో చెబుతుంది. ఎస్‌పీఎన్ 110 కూలెంట్ ఉష్ణోగ్రత, 102 ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టం) పీడనం, 157 రైలు (ఇంజెక్టర్లకు డీజిల్ అందించే ఉమ్మడి పైపు) పీడనం, 190 ఇంజన్ వేగం. చాలామంది మొదటి సంఖ్య చూసి సెన్సార్ పేరు చెప్పేసి ఆగిపోతారు, కానీ అసలు సమాచారం రెండో సంఖ్యలోనే ఎక్కువ ఉంటుంది. కూలెంట్ సెన్సార్‌కు ఎఫ్‌ఎంఐ 3 వచ్చిందంటే వోల్టేజి ఉండవలసినదానికంటే ఎక్కువగా ఉందని అర్థం, అంటే ఆ సర్క్యూట్‌లో తీగ తెగడమో ప్లగ్ వదులు కావడమో జరిగి ఉండవచ్చు. ఎఫ్‌ఎంఐ 4 వస్తే వోల్టేజి తక్కువగా ఉందని, తీగ ఎక్కడో ఛాసిస్‌కు రాసుకొని షార్ట్ అయి ఉండవచ్చని అనుమానించాలి. ఎఫ్‌ఎంఐ 0 గానీ 1 గానీ వచ్చినప్పుడు సెన్సార్ నిజమే చెబుతూ ఉండవచ్చు, ఇంజనే హద్దు దాటి ఉండవచ్చు. అటువంటప్పుడు సెన్సార్‌ను మార్చడం జ్వరం వచ్చినవారికి థర్మామీటర్ మార్చడం వంటిది.

స్కానర్‌లో కోడ్ కంటే నాకు లైవ్ డేటా, అంటే సెన్సార్లు అప్పటికప్పుడు చూపే విలువల మీదే ఎక్కువ నమ్మకం. నిరుడు వేసవిలో మా లారీకి మానిఫోల్డ్ పీడనం తక్కువగా ఉందన్న కోడ్ వచ్చింది. ఒక షెడ్డులో కోడ్ చూసిన వెంటనే ఆ పీడనాన్ని కొలిచే బూస్ట్ సెన్సార్ మార్చారు, నాలుగు ట్రిప్పుల తరువాత అదే కోడ్ మళ్లీ వచ్చింది. అప్పుడు వారు చేయవలసిన పరీక్షకు ఐదు నిమిషాలు కూడా పట్టదు. తాళం ఆన్ చేసి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా చూస్తే, బూస్ట్ సెన్సార్ బయటి గాలి పీడనాన్నే చూపాలి. ఆ విలువ ఎత్తును బట్టి మారుతుంది కనుక, తక్కువ ఎత్తున ఉన్న మిర్యాలగూడలో అది 100 కిలోపాస్కల్స్‌కు దగ్గరగాను, దాదాపు 500 మీటర్ల ఎత్తున ఉన్న మహబూబ్‌నగర్‌లో 95 చుట్టుపక్కలా ఉంటుంది. మా పాత సెన్సార్ ఆ లెక్కకు సరిగ్గానే సరిపోయింది. తప్పు టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ గొట్టంలో ఉంది. క్లిప్పు కింద రబ్బరు చీలి, లోడు పడినప్పుడే నోరు తెరుచుకొని గాలి వదిలేస్తూ ఉండటంతో నిలిపి చూసినవారికి ఎవరికీ కనిపించలేదు.

మీటర్ స్థానం ఇక్కడే మొదలవుతుంది. స్కానర్ ఈసీఎంకు చేరిన మాటను మాత్రమే చెప్పగలదు, ఆ మాట దారిలో ఎక్కడ చెడిందో మీటర్ చెబుతుంది. ప్లగ్ విప్పి తాళం ఆన్ చేస్తే, మూడు తీగల పీడన సెన్సార్‌కు ఒక తీగలో 5 వోల్టులు రావాలి, ఎర్త్ తీగ గట్టిగా ఉండాలి. ఈ రెండూ ఉన్నాయని తేలాకే మూడోదైన సిగ్నల్ తీగ గురించి మాట్లాడాలి. కూలెంట్ సెన్సార్ నిరోధం వేడి పెరిగేకొద్దీ తగ్గుతుంది. చాలా ఇంజన్లలో అది 20 డిగ్రీల దగ్గర 2,500 ఓంల చుట్టూ, 80 డిగ్రీల దగ్గర 300 ఓంల చుట్టూ ఉంటుంది. బండిలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు తీగల జే1939 క్యాన్ లైన్ మీద అనుమానం ఉంటే, బ్యాటరీ తీసేసి ఆ రెండు తీగల మధ్య కొలిచినప్పుడు 60 ఓంలు రావాలి, 120 వస్తే రెండు చివరల్లోని నిరోధకాల్లో ఒకటి తెగినట్టు. మన దగ్గర కొందరు ఎలక్ట్రీషియన్లు 24 వోల్టుల బల్బుతోనే సెన్సార్ తీగలను కూడా పరీక్షిస్తారు. ఆ బల్బు గుంజే కరెంటు ఈసీఎంకు ప్రమాదకరం కనుక దయచేసి దానికి ఒప్పుకోవద్దు. అలాగే రైలు పీడనం ఐడిల్‌లోనే 300 బార్ చుట్టూ ఉంటుంది, నిండు లోడులో 1,600 బార్‌నూ దాటవచ్చు. ఇంజన్ నడుస్తుండగా ఆ పైపును వదులు చేస్తే వచ్చే డీజిల్ ధార చర్మంలోకి దూసుకుపోతుంది. కుర్ర మెకానిక్‌లకు ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు.

మీటర్‌కు ఉన్న లోపం సమయం. లోడు మీద, అదురులో మాత్రమే వచ్చే తప్పును నిలిపిన బండిలో పట్టుకోవడం దానికి కష్టం. అటువంటి చోట స్కానర్ పెట్టుకొని బండి నడుపుతూ చూడటమే దారి. అయినా ఈ రెండింటిలో ఒకటే ఎంచుకోవలసి వస్తే, పాత బీఎస్4 బండ్ల యజమానికి మంచి మీటర్, దాన్ని వాడటం తెలిసిన మనిషి మేలని నా అభిప్రాయం. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్6 బండ్లలో పొగ శుద్ధికి సంబంధించిన సెన్సార్లు అదనంగా చేరాయి కనుక వాటికి ఆ కంపెనీ బండ్లను పూర్తిగా చదవగల స్కానర్ లేకుండా పని సాగదు.

ఇక ట్యూనింగ్. మా గొట్టం చీలిన రోజుల్లోనే ఒకరు మ్యాప్ (ఎంత డీజిల్ వదలాలో చెప్పే ఈసీఎం లెక్కల పట్టిక) మారిస్తే పికప్ వస్తుందని చెప్పారు. ఆ మాట అబద్ధం కాదు, ప్రమాదం అందులోనే ఉంది. గాలి తక్కువగా వస్తోందని బూస్ట్ సెన్సార్ చెప్పినప్పుడు, నల్ల పొగ రాకుండా ఈసీఎం డీజిల్‌ను తగ్గిస్తుంది, అందుకే బండి గుంజదు. ఆ హద్దును మ్యాప్‌లో తీసేస్తే చీలిన గొట్టంతోనే బండి గుంజుతుంది, అయితే కాలని డీజిల్ పొగగా పోతుంది, ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది, ఆ భారం టర్బో మీద, పిస్టన్ల మీద పడుతుంది. పైగా, కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ నిషేధిస్తుంది. కంపెనీ సర్వీసు కేంద్రంలో చేసే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వేరు, దానికి నేను వ్యతిరేకిని కాను.

మన ఎండలకు భయపడి, ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వని థర్మోస్టాట్‌ను తీసేయడం కూడా ఒక రకమైన ట్యూనింగే. అది లేని ఇంజన్ 60 డిగ్రీల దగ్గరే తిరుగుతూ ఉంటే, ఈసీఎం దాన్ని ఇంకా వేడెక్కని ఇంజన్‌గా భావించి నడుపుతుంది, మైలేజీ పడిపోతుంది, సెన్సార్ మీద నింద పడుతుంది. ఊక దుమ్ములో నిలబడే మిల్లు లారీల ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా నింద సెన్సార్ మీదే పడుతుంది.

ఎప్పుడూ ఒకేలా గుంజే బండి కావాలనుకునేవారు, బండి బాగున్న రోజునే లైవ్ డేటా చూసి రాసి పెట్టుకోవాలి. స్టార్ట్ చేయకముందు బూస్ట్ విలువ, ఐడిల్‌లో రైలు పీడనం, లోడుతో చిట్యాల దాటేటప్పుడు కూలెంట్ వేడి, టాంకు నిండా పోయించి మళ్లీ నిండా పోయించేదాకా వచ్చిన మైలేజీ, ఈ నాలుగూ చాలు. మా బండివి డ్యాష్‌బోర్డు అరలో ట్రిప్‌షీట్ల వెనక ఉంటాయి, డ్రైవర్ మారినా ఆ కాగితం మారదు.