దాడి చూపించే సినిమానా, దర్యాప్తు చూపించే సినిమానా: ఏది మేలు?

1993 మార్చి 12 నాటి బొంబాయి వరుస పేలుళ్లలో 257 మంది చనిపోయారు. వాటి మీద అనురాగ్ కశ్యప్ ‘బ్లాక్ ఫ్రైడే’ తీశారు. 2008 నవంబరు 26న అదే నగరంలోకి పది మంది తుపాకులతో దిగి 166 మందిని పొట్టన పెట్టుకున్నారు. దాని మీద మన రామ్‌గోపాల్ వర్మ ‘ది అటాక్స్ ఆఫ్ 26/11’ తీశారు. రెండింటిలోనూ ముఖ్యమైన పోలీసు రాకేశ్ మారియానే. అక్కడ కేకే మేనన్, ఇక్కడ నానా పటేకర్.

వర్మ సినిమాలో సీఎస్‌టీ రైల్వే స్టేషన్ కాల్పులు చూస్తుంటే ఒళ్లు జలదరిస్తుంది. భయాన్ని అంత దగ్గరగా చూపించడం మాటలు కాదు. కానీ నెత్తురు చూపించడంలో ఎక్కడ ఆగాలో ఆయన ఆలోచించలేదనిపించింది. ఆ తర్వాత మార్చురీలో, ఆ పది మందిలో ప్రాణాలతో దొరికిన ఒకే ఒక్కడు కసబ్‌కి తోటివాళ్ల శవాలు చూపించి మారియా నిలదీసే సీన్. నానా పటేకర్ ప్రాణం పెట్టి చేశారు. అయినా కేసు ఎలా కదిలిందన్నది మాత్రం నాకు పెద్దగా తెలియలేదు.

‘బ్లాక్ ఫ్రైడే’లో తెలుస్తుంది. వర్లీలో వదిలేసిన ఒక మారుతీ వ్యాన్, అది ఎవరి పేరున ఉందన్న ఆరా, అక్కడి నుంచి మాహింలో ప్రధాన నిందితుడు టైగర్ మెమన్ కుటుంబం ఇల్లు. మురికివాడ సందుల్లో ఒక నిందితుడి వెంట పోలీసులు పరుగెత్తే సీన్ ఎంతకీ అవ్వదు. వాడికీ ఆయాసమే, వీళ్లకీ ఆయాసమే. ఒక దశలో ఎవరూ పరుగెత్తరు, నడుస్తారు. లాకప్‌లో కొట్టడమూ దాచలేదు, పేలుళ్లకు ముందు జరిగిన అల్లర్లనూ దాచలేదు. పోలీసుల మీద గౌరవం ఉంచుకునే ఈ మాట అంటున్నా: అలా చూపిస్తేనే నమ్మబుద్ధవుతుంది. కేసు విచారణలో ఉందని బొంబాయి హైకోర్టు ఆపడంతో ఈ సినిమా 2007లో గానీ థియేటర్లకు రాలేదు. నిందితులకూ న్యాయం జరగాలి కదా, ఆ ఆలస్యం నాకు తప్పనిపించలేదు.

అడివి శేష్ ‘మేజర్’ని ఈ పోటీలోకి తేను. అది 26/11 దాడుల్లో పోరాడి ప్రాణాలిచ్చిన మేజర్ సందీప్ ఉన్నికృష్ణన్ జీవితకథ, దాని దారి వేరు.

నా ఓటు ‘బ్లాక్ ఫ్రైడే’కే. వర్మ సినిమా 2013 మార్చి 1న విడుదలైంది. దానికి ఎనిమిది రోజుల ముందే దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్లకు పెట్టిన బాంబులు పేలాయి. కాల్పులు ఎలా ఉంటాయో తెరమీద చూసే ఓపిక అప్పుడు నాకు లేదు. ఆ సైకిళ్లు ఎక్కడ కొన్నారు, ఎవరు అమ్మారు, కొన్నవాడి ముఖం ఎవరికైనా గుర్తుందా అన్నదే మనసులో తిరిగేది.