బోటు ట్రిప్‌కి డ్రై బ్యాగు కొంటున్నారా? రిటర్న్ గడువు దాటకముందే బకెట్‌లో ముంచి చూడండి

ఈ చలికాలంలో థాయ్‌లాండ్ వైపు వెళ్లి బోటు అద్దెకు తీసుకుందామనుకునేవాళ్లు, ఆన్‌లైన్‌లో డ్రై బ్యాగు (సామాను తడవకుండా మూతి చుట్టి మూసే బ్యాగు) ఆర్డర్ పెట్టేముందు దయచేసి ఇది చదవండి. మాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదనే రాస్తున్నాను.

గత ఫిబ్రవరిలో మేమూ, మా తోడల్లుడి కుటుంబమూ, మా అత్తయ్యా కలిసి ఫుకెట్‌లో ఆరు రోజులకు ఒక కాటమరాన్ (రెండు పడవలు జోడించినట్టుండే బోటు) మాట్లాడుకున్నాం. పగలంతా ఫాంగ్ న్గా అఖాతంలో నిట్టనిలువు సున్నపురాయి కొండల మధ్య తిరగడం, రాత్రిళ్లు లంగరు వేసుకుని బోటులోనే పడుకోవడం. గట్టి సూట్‌కేసులు తేవద్దని, మడిచి పెట్టుకునే మెత్తటి బ్యాగులే తెచ్చుకోమని బోటువాళ్లు ముందే చెప్పారు. అది నిజమే, క్యాబిన్‌లో సూట్‌కేసు పెట్టే చోటే ఉండదు. అందుకని ఒక ఆన్‌లైన్ సైటులో 20 లీటర్ల డ్రై బ్యాగు 1,299 రూపాయలకు కొన్నాను. "100% వాటర్‌ప్రూఫ్, ఐపీఎక్స్8" అని పెద్ద అక్షరాల్లో ఉంది. రేటింగ్ నాలుగు స్టార్ల పైనే. డిసెంబర్‌లోనే వచ్చింది. కవరు కూడా విప్పకుండా బీరువాలో పెట్టేశాను. నేను చేసిన పెద్ద పొరపాటు అదే.

మూడో రోజు కో యావ్ నాయ్ ద్వీపం దగ్గర ఆగాం. ఆటు సమయంలో అక్కడ నీళ్లు బాగా వెనక్కి పోతాయి. చిన్న రబ్బరు పడవలో తీరం దాకా వెళ్లి, చివర్లో మోకాళ్ల లోతులో దిగి నడవాలి. ముఖ్యమైనవి దగ్గరుంటే మంచిదని మా పాస్‌పోర్టులు, కొంత డబ్బు, మా ఆవిడ ఫోను, అత్తయ్య మందుల డబ్బా అన్నీ ఆ బ్యాగులోనే సర్దాం. మూతి మూడు మడతలు చుట్టి క్లిప్పు పెట్టాను. దారిలో ఒక అల ఎగిరి పడవలో పడింది. అడుగున బెత్తెడు నీళ్లు నిలిచాయి, ఆ నీళ్లలోనే బ్యాగు ఓ పావుగంట ఉంది.

ఒడ్డుకెళ్లి విప్పితే లోపలంతా నీళ్లు. అత్తయ్యది వారం రోజుల గళ్లున్న మాత్రల డబ్బా. శుక్రవారం గడి తెరిస్తే థైరాయిడ్ మాత్ర, బీపీ మాత్ర కలిసిపోయి తెల్లటి ముద్దగా ఉన్నాయి. మిగతా గళ్లూ అంతే. ఆవిడ ఒక్క మాట అనలేదు కానీ, నాకు మాత్రం కాళ్లూ చేతులూ ఆడలేదు. డాక్టరు చీటీ ఫోటో మా తోడల్లుడి ఫోనులో ఉండబట్టి, అందులో కంపెనీ పేరుతో పాటు మందు అసలు పేరు కూడా ఉండబట్టి, ఊళ్లో మందుల షాపులో దొరికాయి. మాత్రల్ని స్ట్రిప్పుల్లోనే ఉంచి ఉంటే తడిసినా ఏమీ అయ్యేది కాదు.

రెండు పాస్‌పోర్టుల్లో ఎంట్రీ ముద్ర సిరా పక్క పేజీకి అంటుకుంది. బోటులో ఫ్యాను ముందు కూర్చుని ఒక్కో పేజీ విడదీసి ఆరబెట్టాం. తిరిగొచ్చేటప్పుడు ఇమిగ్రేషన్ ఆఫీసరు నా పాస్‌పోర్టును వెలుతురుకు పట్టి, అటూ ఇటూ తిప్పి చూసిన ఆ ఐదు నిమిషాల టెన్షన్ పగవాడికి కూడా వద్దు. చెల్లదంటే బ్యాంకాక్‌లోని మన ఎంబసీ చుట్టూ తిరగాల్సిందే. ఫోను మాత్రం పోయింది. ఛార్జింగ్ పాయింటును ఉప్పునీరు తినేసింది.

ఇంటికొచ్చాక ఆ బ్యాగు నిండా నీళ్లు పోసి బాల్కనీలో వేలాడదీశాను. అడుగు అతుకు పొడవునా, ఒక్కో కుట్టు దగ్గర ఒక్కో చుక్క, చెమట పట్టినట్టు వరుసగా బయటికొచ్చింది. తిరగేసి చూస్తే అప్పుడు తెలిసింది. గుడ్డ మంచిదే, నీరు దిగదు. అతుకులు మాత్రం దారంతో కుట్టి, పైన పలచటి టేపు అంటించారు. ఆ టేపు ఒక మూల అప్పటికే లేచిపోయింది. సరైన డ్రై బ్యాగులో అతుకులు కుట్టరు, వేడితో కరిగించి అతికిస్తారు.

ఆ "ఐపీఎక్స్8" సంగతి కూడా తెలుసుకోండి. వస్తువు నీటిని ఎంతవరకు తట్టుకుంటుందో చెప్పే రేటింగు అది. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా తట్టుకోవాలి. 8 అంటే అంతకు మించి. అయితే ఎంత లోతు, ఎంతసేపు అన్నది తయారుచేసినవాళ్లే చెప్పాలి. అవేమీ రాయకుండా ఉత్త అంకె వేస్తే నమ్మకండి. పైగా మూతి చుట్టి మూసే బ్యాగులు ఎంత మంచివైనా తుంపరలకు, పొరపాటున నీళ్లలో పడితే వెంటనే తీసుకోవడానికి మాత్రమే పనికొస్తాయి. నీళ్లలో నానబెట్టడానికి కావు. తర్వాత కూర్చుని రివ్యూలన్నీ చదివాను. జిమ్‌కి బాగుందనీ, వానలో బండి మీద తీసుకెళ్లామనీ రాసినవే. నీళ్లలో ముంచి చూశామన్నవాళ్లు ఒక్కరూ లేరు.

పార్సిల్ వచ్చిన రోజే లోపల పాత పేపర్లు వేసి, కొంచెం గాలి ఉంచి మూతి చుట్టి, బకెట్ నీళ్లలో అదిమి పట్టండి. అతుకుల దగ్గర బుడగలు వచ్చినా, పేపరు తడిసినా వెంటనే తిప్పి పంపేయండి. నా బ్యాగుకి రిటర్న్ గడువు ఏడు రోజులే. మేం ఫ్లైట్ ఎక్కేసరికి అది దాటి రెండు నెలలైంది. పరీక్షలో నెగ్గిన బ్యాగులో కూడా పాస్‌పోర్టులు, మందులు, ఫోను ఒక్కోటి విడిగా జిప్ కవర్లో పెట్టండి. అన్నీ ఒకే బ్యాగులో వద్దు.

పగడపు దిబ్బలకు హాని చేయదని, "రీఫ్ సేఫ్" అని రాసుంటే అక్కడే కొన్న సన్‌స్క్రీన్ కూడా దండగే అయింది. పగడాలకు హాని చేస్తాయని ఆక్సీబెంజోన్‌తో పాటు మరో మూడు రసాయనాలున్న సన్‌స్క్రీన్లను థాయ్‌లాండ్ 2021లో సముద్ర జాతీయ పార్కుల్లో నిషేధించింది. జరిమానా లక్ష బాట్ దాకా ఉంది. మా ట్యూబు వెనక సన్నటి అక్షరాల్లో "బెంజోఫినోన్-3" అని ఉంటే, ఆక్సీబెంజోన్‌కి అది ఇంకో పేరని మా కెప్టెన్ చెప్పి పక్కన పెట్టించాడు. ముందువైపు బొమ్మ చూసి కొనకండి, వెనక చదవండి.

బ్యాగు అమ్మినవాళ్లను అడిగితే, పేజీ కింద "వాటర్ రెసిస్టెంట్" అని, అంటే నీటిని కొంతవరకే ఆపుతుందని, రాశాం కదా అన్నారు. ఆ మాట నిజంగానే ఉంది, అన్నిటికంటే కింద. నేను రాసిన రివ్యూ తీసేస్తే సగం డబ్బు ఇస్తామన్నారు. ఒప్పుకోలేదు. 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. రెండూ జరగలేదు. అందుకే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. బాల్కనీలో తీసిన వీడియో, పేజీ స్క్రీన్‌షాట్లు, బిల్లు అన్నీ ఇచ్చాను. మీరూ ఆర్డర్ పెట్టిన రోజే ఆ పేజీ మొత్తం కింది దాకా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. మా బ్యాగు పేజీలో "100%" అన్న మాట ఇప్పుడు లేదు.