నిగెహజి ముందా, హోతరు ముందా?

కొరియా డ్రామాలు వరసపెట్టి చూసేసి జపాన్ వైపు తిరిగిన వాళ్లు ఈ మధ్య నన్ను అడిగేది ఒకటే ప్రశ్న. మొన్న మా పిన్ని కూతురు కూడా ఫోన్ చేసి అదే అడిగింది. "అక్కా, సరదాగా ఉండే ప్రేమకథ ఒక్కటి చెప్పు. పది పేర్లు పంపకు. నిగెహజి చూడనా, హోతరు చూడనా?" ఈ నెలలో రెండూ మళ్లీ మొదటి నుంచి చూశాను కాబట్టి, జవాబు కాస్త వివరంగానే రాస్తున్నాను.

రెండూ ఒకే ఇంట్లో ఉండాల్సి వచ్చిన ఇద్దరి కథలే. 2016లో వచ్చిన నిగెహజి (పూర్తి పేరు 'నిగెరు వా హజి దగా యకు ని తత్సు')లో ఉద్యోగం పోయిన మికురి, హిరమాసా అనే ఇంజనీరు ఇంటిపనికి కుదురుతుంది. బయటికి భార్య, లోపల నెలజీతం తీసుకునే ఉద్యోగి. 2007 నాటి 'హోతరు నో హికారి'లో హోతరు ఆఫీసులో చక్కగా తయారై ఉంటుంది. ఇంటికి రాగానే పాత ట్రాక్ సూట్ వేసుకుని, నెత్తిమీద పిలక కట్టి, బీరు డబ్బా పట్టుకుని వసారాలో దొర్లుతుంది. ఆమె అద్దెకుంటున్న ఆ ఇల్లు తన పైఅధికారి తకానో వాళ్ల నాన్నది. భార్యకు దూరమైన తకానో కూడా ఓ రోజు పెట్టెతో అక్కడికే దిగుతాడు. ఇలాంటి అమ్మాయికి ఈ కథ పెట్టిన పేరు 'హిమొనో ఒన్నా', అంటే ఎండుచేప అమ్మాయి. ప్రేమా దోమా అన్నీ వదిలేసి ఎండిపోయిందని.

నటన, హాస్యం, పాటలు అన్నీ పోల్చవచ్చు. నాకు మాత్రం తేల్చేది ఒక్కటే: వీళ్లు ఒకరినొకరు ఏమని పిలుచుకుంటారు?

ఇది మన తెలుగువాళ్లం పట్టించుకోవాల్సిన విషయం. ఇంగ్లీషు సబ్‌టైటిల్‌కు 'మీరు', 'నువ్వు' తేడా లేదు, 'గారు' అసలే లేదు. మన చెవికి ఉంది. జపాన్ వాళ్ల 'సాన్' వినగానే మనకు 'గారు' తడుతుంది. కింద అక్షరాల్లో ఉత్త పేరు పడుతున్నా, పైన వినిపించేది గౌరవమో, బెరుకో, చనువో మనం పోల్చుకోగలం.

నిగెహజిలో ఇంటిపేరుతో మొదలైన పిలుపు అసలు పేరు దాకా వస్తుంది. 'త్సుజాకి-సాన్' కాస్తా 'హిరమాసా-సాన్' అవుతాడు. ఆ 'సాన్' మాత్రం చివరిదాకా పోదు. మర్యాద మాటల్లోనే గొడవపడతారు, మర్యాద మాటల్లోనే దగ్గరవుతారు. మంగళవారం కౌగిలింత అని ఒప్పందం రాసుకున్న జంట కదా, వాళ్లకు అదే అందం. ఆ డ్రామా ప్రసారమైందీ మంగళవారాలే. మికురి, అమ్మ తోడబుట్టిన యూరిని కూడా వరస పెట్టి పిలవదు, చనువుగా 'యూరి-చాన్' అంటుంది. యాభైకి దగ్గరపడిన ఆవిడ ఆ పిలుపుకు ముఖం విప్పే తీరు చూడండి.

పదో ఎపిసోడ్ గురించి చెప్పకుండా ఉండలేను. హిరమాసా లెక్కలు వేసుకుని వచ్చి, నిజంగా పెళ్లి చేసుకుంటే ఎంత కలిసొస్తుందో మికురికి వివరిస్తాడు. ఆమె ముఖంలో నవ్వు మెల్లగా ఆరిపోతుంది. ఇష్టం ఉంది కాబట్టి ఇక జీతం అక్కర్లేదనా? ఇది ఇష్టాన్ని దోచుకోవడం అంటుంది. ఇంటిచాకిరీ గురించి ఇంత సూటిగా అడిగిన ప్రేమకథను నేను ఇంకోటి చూడలేదు. మొదటి ఎపిసోడ్‌కు 10.2 శాతం ఉన్న రేటింగు చివరికి 20.8కి ఊరికే పోలేదు.

అయినా నా ఓటు హోతరుకే.

హోతరు అతన్ని పిలిచేది 'బుచో' అని. అంటే విభాగాధిపతి, మన ఆఫీసు భాషలో 'సార్'. అతను ఆమెను ఇంటిపేరుతో 'అమెమియా' అంటాడు. కోపం వస్తే దాన్నే విరిచి 'అహొమియా' చేస్తాడు, 'అహొ' అంటే తెలివితక్కువది. పది ఎపిసోడ్లలోనూ ఈ పిలుపులు మారవు, మారేదల్లా గొంతు. మొదట్లో 'బుచో' అంటే దొరికిపోయానన్న భయం. తర్వాత అలసి వచ్చి వసారాలో కూలబడి, ఎవరికైనా చెప్పుకోవాలనిపించి సాగదీసే 'బుచో...'. ఆయన చేతిలో బీరు డబ్బా, ఆమె చేతిలో ఒకటి, ఎదురుగా చిన్న పెరడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోరు, పెరటిలోకే చూస్తూ మాట్లాడుకుంటారు.

మా అమ్మమ్మ తాతయ్యను పేరుపెట్టి పిలవగా నేనెప్పుడూ వినలేదు. 'ఏమండీ' ఒక్కటే. అన్నానికి పిలిచినా అదే, అలిగినా అదే, ఆయన ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు వంగి చెవిలో అన్నదీ అదే. హోతరు గొంతులో 'బుచో' వింటే నాకు ఆ 'ఏమండీ' గుర్తొస్తుంది. హోతరుగా నటించిన హరుకా అయాసె ఆ ఒక్క మాటను పలికే తీరు కోసమే ఈ డ్రామా చూడవచ్చు.

లోపాలున్నాయి. డిజైనర్ తెషిమాతో ప్రేమ నడిచే మధ్య ఎపిసోడ్లు సాగుతాయి. తకానో చీవాట్లు ఒక్కోచోట శ్రుతిమించుతాయి, ఇవాళ్టి ఆఫీసులో అయితే ఎవరూ ఊరుకోరు. ఆ విషయంలో నిగెహజి ఎంతో ముందుంది. మీకు ఆలోచింపజేసే కథే కావాలనుకుంటే అదే ముందు చూడండి, నేను కాదనను.

మిగతావి రెండు మాటల్లో. 2020 నాటి 'కోయ్ త్సుజు' డాక్టరు-నర్సు ప్రేమ, తియ్యదనం ఎక్కువ, సెలవురోజు కాలక్షేపానికి సరిపోతుంది. 2006 నాటి 'కెక్కోన్ దెకినాయ్ ఓతొకో'లో ఒంటరి ఆర్కిటెక్టుగా హిరోషి అబె అద్భుతం, కానీ నలభై దాటాక చూస్తే ఇంకా బాగుంటుంది.

చెల్లికి హోతరే చెప్పాను. కింద అక్షరాలు చదువుతూనే 'బుచో' వినిపించిన ప్రతిసారీ ఒక చెవి అటు వేయమన్నాను. 2010లో రెండో భాగం 11 ఎపిసోడ్లు వచ్చింది, పెళ్లి మాట వచ్చినా హోతరు నోట అతను బుచోనే. అది కూడా అయ్యాకే నిగెహజి పెట్టమన్నాను. నిన్న రాత్రికి మూడో ఎపిసోడ్‌లో ఉందట.